టామస్‌కు ఒత్తు ఎక్కడిది?

సందేహం: ఇంగ్లీషువాళ్ళు ‘టామస్’ అంటారు, మనమేమో ‘థామస్ మన్రో’ అని రాస్తాం. ‘ఆర్థర్ కాటన్’ దగ్గర వాళ్ళూ ఒత్తి పలుకుతారు. రెండు పేర్లలోనూ టీ పక్కన హెచ్ ఉంది కదా, మరి ఈ తేడా ఎందుకు?

సమాధానం: టామస్‌కు మూలం తోమా. అది యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలోని మాట, కవల అని అర్థం. యేసు అపొస్తలుల్లో ఒకరి పేరు అదే, యోహాను సువార్తలో ‘దిదుమ అనబడిన తోమా’ అని వస్తుంది. దిదుమ అన్నా గ్రీకులో కవలే. గ్రీకులు ఈ పేరును థీటా అక్షరంతో రాశారు. పాతకాలపు థీటా మన ‘థ’ లాంటిదే. లాటిన్‌లో ఆ ధ్వని లేదు. అందుకని టీ పక్కన హెచ్ పెట్టి రాసుకున్నారు, నోటితో మాత్రం ఒత్తు లేకుండానే పలికారు. ఫ్రెంచివాళ్ళూ అంతే, ఇంగ్లీషువాళ్ళూ అంతే.

ఇంగ్లీషు ముద్దుపేర్లంటే నాకు ఎంతో గౌరవం. పాత ఉచ్చారణ వాటిలో చెక్కుచెదరలేదు. ఎలిజబెత్ ఇంట్లో బెట్టీ, కాథరిన్ కేట్, నథానియల్ నాట్. కాగితం మీది హెచ్‌ను చూసి చదవడం మొదలయ్యాక పూర్తిపేర్లు మారాయి. అమ్మ పిలిచే పేరు మారలేదు. మధ్యయుగాల్లో ఆర్టర్ అన్న పేరు ఆర్థర్ అయిందీ ఇలాగే. టామస్ ఎందుకు మారలేదంటే, వీధివీధినా టామస్‌లే కాబట్టి ఆ పేరును పుస్తకంలో చూసి పలకాల్సిన అవసరం ఎవరికీ రాలేదనుకుంటాను.

ఆంథొనీకి జరిగింది మరీ అన్యాయం. లాటిన్ ‘ఆంటోనియస్’లో హెచ్ లేనే లేదు. గ్రీకులో పువ్వును ‘ఆంథోస్’ అంటారు. ఈ పేరు అందులోంచే పుట్టిందని పొరబడి, 16వ శతాబ్దం దరిదాపుల్లో హెచ్ దూర్చారు. ఇంగ్లండులో చాలామంది నేటికీ ఆంటొనీ అనే అంటారు. అమెరికావాళ్ళు అక్షరాన్ని నమ్మి ఆంథొనీ అంటారు. ముద్దుపేరు మాత్రం రెండుచోట్లా టోనీయే.

రాల్ఫ్‌ను కొందరు రేఫ్ అనడం, సెయింట్ జాన్‌ను సిన్‌జన్ అనడం వేరే సంగతి. అవి నోట్లో నాని అరిగిన పేర్లు.

మనవాళ్ళకు హెచ్ కనబడితే చాలు, ఒత్తు పెట్టేస్తారు. లండన్‌లో పారేది టెమ్స్. అక్కడా హెచ్ తర్వాత చేర్చిందే. మన పాఠ్యపుస్తకాలూ టీవీలూ ‘థేమ్స్’ను వదలవు. లత పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు, ‘ట’ కాదు ‘త’ అని తెలియడానికి మనం హెచ్ కలుపుతాం. ఉత్తరాదివాళ్ళు దాన్ని ‘లథా’ అని చదివితే మనకు కష్టంగా ఉండదూ?

దత్తమండలాల్లో థామస్ మన్రో పేరు అలాగే స్థిరపడింది, దాన్ని దిద్దమనను. కొత్తగా రాసేవారు టామస్ అని రాస్తే మేలు. అపొస్తలుడి పేరు తెలుగు బైబిల్లో ఉన్నట్టు తోమా. ఆంటొనీయా, ఆంథొనీయా అన్నది ఆ పేరుగల మనిషినే అడిగి రాయండి.