గేదె కంటిపాప సన్న గీతలా అయిపోయింది, చూపు పోతుందా?

సందేహం: మా ముర్రా గేదె ఈని రెండు నెలలైంది. గోమార్లు (పిడుదులు) బాగా పట్టాయని పత్తికి కొట్టగా మిగిలిన క్లోరిపైరిఫాస్ నీళ్ళల్లో కలిపి మొన్న పొద్దున రెండు గేదెలకి పూశాం. మధ్యాహ్నానికి దీనికి చొంగ ధారగా కారింది, వణుకు, పారుకోవడం, కళ్ళలో నల్లపాప గీతలా అయింది. పక్కింటాయన పాలజ్వరం అన్నాడు. డాక్టరు గారు సూదులు వేశాక తేరుకుంది, ఇప్పుడేమో పాప పెద్దదై వెలుతురు చూడలేకపోతోంది. చూపు పోతుందా? పాలు వాడొచ్చా? రెండో గేదెకి ఏం కాలేదు, ఎందుకని? (పల్నాడు నుంచి ఒక రైతు)

సలహా: అన్నా, ముందు మీ భయం తీరుస్తాను, చూపు పోదు. అది కంటి జబ్బు కానే కాదు, ఒంట్లోకి పోయిన మందు కంట్లో కనపడింది అంతే. ఇప్పుడు పాప పెద్దదవడం డాక్టరు గారు విషానికి విరుగుడుగా వేసిన అట్రోపిన్ సూది వల్ల, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, అందాకా నీడలో కట్టేయండి, కంట్లో చుక్కలూ ఆకు పసర్లూ ఏవీ పోయొద్దు.

పాప ఎందుకు బిగుసుకుందంటే, నరం చివర అసిటైల్ కోలిన్ అనే పదార్థం ఊరుతుంది, అది తగిలితేనే కండరం బిగుస్తుంది, గ్రంథి ఊరుతుంది. పని అయిపోగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి పక్కనే ఉంటుంది. పొలానికి నీళ్ళు చాలాక తూము మూసేసినట్టు అనుకోండి. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి, ఇక తూము మూసేవాడు లేడు. కంటిపాప చుట్టూ గుండ్రంగా ఉండే కండరం గోతం మూతికి తాడు లాగినట్టు బిగుసుకుంటుంది, చొంగ, కన్నీళ్ళు, పారుడు, వణుకు అన్నీ దాని వల్లే, ఊపిరితిత్తుల్లో కూడా నీరు ఊరి ఊపిరాడకపోతేనే పశువు పోతుంది. మీరు టైముకి డాక్టర్ని పిలిచారు కాబట్టి బతికింది.

పక్కింటాయన మాట విని కాల్షియం ఎక్కించి కూర్చోకపోవడం మంచిదైంది. పాలజ్వరం అంటే ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే జబ్బు, అది ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లోపు వస్తుంది, పైగా దాన్లో పాప పెద్దదవుతుంది, చెవులు చల్లబడతాయి. లేత జొన్న మేసి విషం ఎక్కినా పాప పెద్దదే అవుతుంది, ఉమ్మెత్త తిన్నా అంతే. రెండు కళ్ళలో పాప చిన్నదై, దాంతోపాటు చొంగా వణుకూ ఉంటే మాత్రం ముందు పురుగు మందునే అనుమానించాలి. ఒక్క కంట్లోనే చిన్నదై, కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే గడ్డి మొన గుచ్చుకోవడమో లోపల వాపో అయ్యుంటుంది, అది వేరే వైద్యం. గేదె పాప మామూలుగానే అడ్డంగా కోలగా ఉంటుంది, ఎండలో సన్నబడుతుంది కూడా, అందుకని చీకటి కొట్టంలోకి తీసుకెళ్ళి పక్కన మంచి పశువుని పెట్టి పోల్చి చూడండి.

రెండో గేదెకి ఏం కాలేదని వదిలేయకండి. తక్కువ మందు అంటిందో, ఒంటి మీద పుండ్లు లేవో, నాక్కోలేదో, ఏదైనా కావచ్చు. కానీ క్లోరిపైరిఫాస్ కొవ్వులో చేరి మెల్లగా బయటికొచ్చే రకం, లక్షణాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు, తగ్గిన పశువుకి తిరగబెట్టనూ వచ్చు. ఇంతవరకు కడక్కపోతే రెండింటినీ ఇవాళే సబ్బు నీళ్ళతో బాగా కడగండి, చేతులకి గ్లౌజులు వేసుకుని. కడిగిన నీళ్ళు కుడితి తొట్టి వైపు పోనివ్వొద్దు. నూనె గానీ పాలు గానీ తాగించొద్దు, అసలే సరిగ్గా మింగలేని పశువుకి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అట్రోపిన్ వల్ల కడుపు కదలిక కూడా తగ్గుతుంది కాబట్టి నెమరు వేస్తోందా, ఎడమ పక్క డొక్క ఉబ్బుతోందా చూస్తుండండి. మళ్ళీ చొంగ మొదలైతే ఆగకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, ఏ మందు పూశారో దాచకుండా చెప్పి డబ్బా చూపించండి, వైద్యం దాన్ని బట్టే మారుతుంది.

పాలు మీరు తాగొద్దు, దూడకి వదలొద్దు, కేంద్రంలో పోయొద్దు. రెండు గేదెలవీ పిండి పారబోయండి, మళ్ళీ ఎప్పటినుంచి వాడొచ్చో చూసిన డాక్టరునే అడగండి. నష్టమే, తెలుసు, కానీ ఆ పాలు తాగేది పిల్లలు.

గోమార్లకి పశువుల కోసమే అమ్మే డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు ఉంది, లీటరు నీళ్ళకి 2 మి.లీ. చాలు, ఈ గేదె పూర్తిగా కోలుకున్నాక డాక్టర్ని అడిగి వాడండి. పొలం మందు ఎంత పల్చగా కలిపినా పశువుకి పూయొద్దు. గోమార్లు గుడ్లు పెట్టేది కొట్టం గోడల పగుళ్ళలో, అవి పూడ్చి సున్నం కొట్టకపోతే ఏ మందు పూసినా మళ్ళీ వస్తాయి.

ఇంకోటి అన్నా, ఆ మందు పూసింది మీ చేతులతోనే కదా. తలనొప్పి, చూపు మసకగా ఉండటం, కడుపులో తిప్పడం, చెమటలు ఏమన్నా ఉన్నాయా? ఒకసారి అద్దంలో మీ కంటిపాప కూడా చూసుకోండి, పూసేటప్పుడు గేదెని పట్టుకున్నవాళ్ళవి కూడా. ఏమాత్రం తేడా ఉన్నా మందు డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.