విప్లవాల గురించి చదవాలని ఉంది, ఏ కోర్సు మేలు?

ప్రశ్న: ఆర్థిక అసమానతలు విప్లవాలకు ఎలా దారితీస్తాయో లోతుగా చదవాలనుంది. డిగ్రీలో చరిత్ర తీసుకోవాలా, ఆర్థిక శాస్త్రమా? ఉద్యోగాలు ఉంటాయా? – ఒక విద్యార్థిని

జవాబు: కోర్సు సంగతికి ముందు ఒక మాట. అసమానత ఉంటే విప్లవం వస్తుందని మీరు ముందే తేల్చేసుకున్నట్టున్నారు. అదే నిజమైతే ప్రతి తరమూ ఒక విప్లవం చూసి ఉండేది.

ఫ్రాన్స్‌నే తీసుకోండి. కొన్ని ప్రాంతాల్లో ప్రతి కుటుంబమూ ఏటా ఇంత ఉప్పు అని పన్నుతో సహా కొని తీరాలి. పక్క ప్రాంతంలోకి అడుగుపెడితే అదే ఉప్పు కారుచౌక. ప్రధానమైన పన్ను ప్రభువర్గానికి ఉండేదే కాదు. ఈ అన్యాయం తరతరాలుగా ఉన్నదే. మరి 1789లోనే ఎందుకు పేలింది? యుద్ధాల అప్పులతో ఖజానా దివాలా తీసింది. 1788లో పంట దెబ్బతిని రొట్టె ధర మండిపోయింది. కొత్త పన్నుల కోసం రాజు 1614 తర్వాత తొలిసారి ఎస్టేట్స్ జనరల్‌ను (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభ) పిలిచి, ఊరూరా ఫిర్యాదులు రాసి పంపమన్నాడు. అంతవరకూ ఎవరి గోడు వారిదిగా ఉన్నది కాగితానికెక్కింది.

రష్యాలో 1905లో సైన్యం చాలావరకు చక్రవర్తి జార్ పక్షాన నిలిచింది, గద్దె నిలబడింది. 1917లో రొట్టె కోసం రాజధాని పెట్రోగ్రాడ్ వీధుల్లోకి వచ్చిన మహిళలతో మొదలైన అలజడిలో, నాలుగు రోజులకే సైనికులు జనంతో కలిశారు. జార్ దిగిపోయాడు. ఆకలి రెండుసార్లూ ఉంది. మారింది తుపాకీ పట్టినవాడి మనసు.

అసమానతను కొలవడమూ రావాలి, అది ఎప్పుడు పేలుతుందో కూడా తెలియాలి. అందుకే ఆర్థిక శాస్త్రం ప్రధానంగా, చరిత్ర తోడుగా తీసుకోమంటాను. గణాంక శాస్త్రాన్ని మాత్రం వదలకండి (చాలామంది ఇక్కడే జారుకుంటారు). అసమానతను కొలిచే జినీ సూచికలో సున్నా అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కరికే. ఈ లెక్కలో దక్షిణాఫ్రికా ప్రపంచంలోనే పైవరుసలో ఉంది. 2011లో జనం తిరగబడితే అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయిన ట్యునీషియా దానికన్నా చాలా కింద ఉంది. ఎందుకన్నది సూచిక చెప్పదు, అక్కడ చరిత్ర కావాలి.

పీజీతో పరిశోధన సంస్థలు, విధాన విశ్లేషణ, పత్రికా రంగంలో అవకాశాలుంటాయి. విశ్వవిద్యాలయంలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ తప్పదు, అందుకు ఏళ్లు పడతాయి.

ఇంకా ఎటూ తేలకపోతే, పదిమంది ఆదాయాలు ఊహించి రాసుకుని జినీ సూచికను చేత్తో లెక్కగట్టండి. అది పూర్తయ్యాక ఇంకో పదిమందితో చేయాలనిపిస్తే ఆర్థిక శాస్త్రం, ఆ పదిమంది ఎవరో తెలుసుకోవాలనిపిస్తే చరిత్ర.