రాప్టర్ 700కి ఇసుక టైర్లు: ఎన్ని పాడిల్స్ ఉన్నవి కొనాలి?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా కొన్న రాప్టర్ 700 (యమహా వాళ్ల నాలుగు చక్రాల ఏటీవీ బండి) షార్జా ఎడారిలోని అల్ బదాయర్‌లో పెద్ద దిబ్బ ఎక్కుతుంటే సగంలోనే వెనక చక్రాలు కూరుకుపోతున్నాయి, షాపులో పన్నెండు పాడిల్స్ (టైరు మీద అడ్డంగా లేచి ఉండే రబ్బరు పలకలు) ఉన్న టైర్లు వేసుకోమంటున్నారు, ముందు టైర్లు కూడా మార్చాలా, తమ్ముడి వైఎఫ్‌జెడ్ 450కి (యమహాదే, చిన్న ఇంజిన్ బండి) అవే సరిపోతాయా అని. నేను షార్జాలో ఉంటాను. చలికాలం వచ్చిందంటే సెలవు రోజున నా బండి ఆ ఇసుకలోనే ఉంటుంది. నాదీ రాప్టరే, దానికి ముందు 450 నడిపాను.

ఇంజిన్‌లో ఏమీ మార్చకపోతే పన్నెండు వద్దు, ఎనిమిది చాలు.

పాడిల్ పని ఇసుకను పట్టి వెనక్కి నెట్టడం. ఒక పాడిల్ తవ్విన చోట ఇసుక మళ్లీ జారి నిండితేనే తర్వాతి పాడిల్‌కి పట్టు దొరుకుతుంది. మరీ దగ్గర దగ్గరగా ఉంటే రెండోది అప్పటికే కదిలిపోయిన ఇసుకనే తవ్వుతూ ఉంటుంది. పైగా బరువు పెరుగుతుంది. ఆ భారమంతా ఇంజిన్ మీద పడి, దిబ్బ మధ్యకొచ్చేసరికి ఆర్‌పీఎం పడిపోతుంది. గేరు దించుతారు, దించిన ఆ ఒక్క క్షణంలో ఉన్న స్పీడు కాస్తా పోతుంది. వాలు మీద పోయిన స్పీడు మళ్లీ రాదు. పన్నెండు పాడిల్స్ ఇంజిన్ పవర్ బాగా పెంచుకుని రేసులు పెట్టుకునేవాళ్లకి పనికొస్తాయి.

సంఖ్య కన్నా పాడిల్ ఆకారం ముఖ్యమని నా నమ్మకం. షాపులో టైరును చేతిలోకి తీసుకుని చూడండి. కొన్నిటికి పాడిల్ అడ్డంగా, తిన్నగా గోడలా ఉంటుంది. కొన్నిటికి దోసిలి పట్టినట్టు మధ్యలో లోతుగా ఉంటుంది. తిన్నగా ఉన్నదాని మీద నుంచి ఇసుక పక్కలకి జారిపోతుంది కాబట్టి వెనక భాగం తేలిగ్గా పక్కకి జారుతుంది. దిబ్బల పక్క వాలు మీద వంపులు తిప్పుతూ నడిపేవాళ్లకి అది హాయిగా ఉంటుంది. లోతుగా ఉన్నది ఇసుకను వదలదు, ఎక్కుడుకి అదే మంచిది. మీ బాధ ఎక్కుడు దగ్గరే కదా, రెండో రకం తీసుకోండి. స్కాట్-ట్రాక్ హాలర్ ఈ రకంలో చాలామంది వాడేది. సైజు 20×11-9 చూడండి (అంగుళాల్లో టైరు ఎత్తు, వెడల్పు, రిమ్ము సైజు). కంపెనీవి వెనక 20×10-9 కాబట్టి ఎత్తు పెద్దగా మారదు, గేరింగ్ దెబ్బతినదు. ఇంకా పెద్ద టైరు వేస్తే చెయిన్‌ని తిప్పే ముందు పళ్ల చక్రంలో (స్ప్రాకెట్) ఒక పన్ను తగ్గించుకోవాల్సి వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌వి కొనేటట్టయితే ప్రతి పాడిల్‌నీ బొటనవేలితో వెనక్కి వంచి మొదలు దగ్గర చూడండి. మామూలుగా కనపడని సన్నటి చీలికలు వంచినప్పుడు నోరు తెరుస్తాయి. అలాంటిది ఒక్కటి కనపడినా ఆ టైరు వద్దు. అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటే దాన్ని కంకర మీదో రోడ్డు మీదో తిప్పారని అర్థం. హత్తా రోడ్డు పక్క నుంచి ఇసుక దాకా ఉండే ఆ గట్టి నేల ముక్క కూడా పాడిల్స్‌కి శత్రువే. నేనయితే ఇసుక దగ్గరికి చేరాకే టైర్లు మారుస్తాను. అందుకే వేరే రిమ్ముల జత ఉండాలి. రిమ్ములు కొనేటప్పుడు ఒకటి జాగ్రత్త: ఈ యమహా బండ్లకి వెనక నాలుగు బోల్టుల వలయం వ్యాసం 115 మిల్లీమీటర్లు, ఇలాంటిదే అయిన హోండా టీఆర్‌ఎక్స్ 450ఆర్‌కి 110. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. కొలవకుండా డబ్బులివ్వకండి.

ఇవన్నీ కొనేముందు ఉన్న టైర్లలో గాలి చూడండి. ఈ బండ్లకి గాలి నాలుగైదు పీఎస్ఐ దగ్గరే ఉండాలి. పెట్రోల్ బంకులో కార్లకి వాడే గేజ్‌లో అంత తక్కువ సరిగ్గా కనపడదు, తక్కువ ప్రెషర్ గేజ్ ఒకటి విడిగా కొనుక్కోండి. షాపులో పది పీఎస్ఐ కొట్టి పంపిన బండ్లు నేను చూశాను. అలా బిగిసిన టైరు ఇసుకలో గొయ్యి తవ్వుకుంటుంది. మూడు పీఎస్ఐ కన్నా కిందకి మాత్రం దించకండి. పక్క వాలు మీద టైరు రిమ్మును వదిలేస్తుంది, అంత తక్కువ గాలికి టైరు అంచును బిగించి పట్టుకునే బీడ్‌లాక్ రిమ్ములు కావాలి. పొద్దున మంచుకి తడిసి ఇసుక గట్టిగా ఉన్నప్పుడు సరిచేసుకున్న గాలి మధ్యాహ్నం ఎండకి పెరుగుతుంది, ఇసుకేమో పొడిగా వదులైపోతుంది. మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఎక్కేది కూడా గాలి కొట్టే వైపు నుంచే ఎక్కండి, అటువైపు ఇసుక దట్టంగా కూర్చుని ఉంటుంది.

ముందు టైర్ల గురించి: మార్చండి. వెనక పట్టు పెరిగాక కంపెనీ ముందు టైర్లతో హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే తోసుకుపోతుంది. మధ్యలో నిలువుగా ఒక గీత లేచి ఉండే నున్నటి టైరు 21×7-10లో దొరుకుతుంది. ఆ గీత ఇసుకను కోస్తూ బండిని తిప్పుతుంది. బడ్జెట్ సరిపోకపోతే ఈ నెల వెనకవి, వచ్చే నెల ముందువి అనుకోండి, కానీ ఈలోగా వంపుల దగ్గర నెమ్మదిగా పోండి.

బిగించేటప్పుడు దిశ చూసుకోవాలి. టైరు పైభాగాన పాడిల్ లోతైన వైపు బండి ముందుకి చూస్తుండాలి. అప్పుడే అది కిందకొచ్చేసరికి ఇసుకను వెనక్కి తోస్తుంది. మెకానిక్ చేసినా మీరే ఒకసారి చూడండి.

ఇక మీకు నిజంగా చెప్పాలనుకున్నది. ఇప్పటిదాకా థ్రాటిల్ గట్టిగా నొక్కితే చక్రం ఇసుకలో తిరిగిపోయి మిమ్మల్ని కాపాడింది. పాడిల్స్ అలా తిరగనివ్వవు. ముందు చక్రాలు లేస్తాయి, ఎక్కుడు మీద అయితే బండి వెనక్కి మీ మీదకే పడొచ్చు. మొదటిరోజు చిన్న దిబ్బల మీదే ఉండండి, ఒళ్లంతా ముందుకి వంచి థ్రాటిల్ మెల్లగా ఇవ్వండి. శిఖరం మీదకి ఇదివరకటి కన్నా చాలా స్పీడుగా చేరతారు, అవతల ఏముందో కనపడదు. శిఖరానికి ముందే థ్రాటిల్ తగ్గించండి, బండికి ఎత్తైన జెండా తప్పకుండా పెట్టండి. పాడిల్స్ విసిరే ఇసుక మొహానికి గట్టిగా తగులుతుంది కాబట్టి తమ్ముణ్ణి మీ వెనకే కాకుండా పక్కగా రమ్మనండి. చెయిన్ మీద లాగుడు పెరుగుతుంది, సాయంత్రం ఇంటికొచ్చాక బిగువు చూసుకోండి.

తమ్ముడి 450కి ఈ టైర్లు బరువే. ఆ ఇంజిన్ పవరంతా పై ఆర్‌పీఎంలో ఉంటుంది, బరువైన టైరు దాన్ని కిందకి లాగేస్తుంది. అతనికి పొట్టి పాడిల్స్ ఉన్న తేలికైన టైరు కావాలి. 18×9.5-8 సైజు చూడమనండి, దానికి ఎనిమిది అంగుళాల రిమ్ములు విడిగా తీసుకోవాలి.