అటక మీద దొరికిన పాత మిక్సీ ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా?

అమ్మమ్మగారి అటక మీద సుమీత్ మిక్సీ దొరికిందని, అది ఎక్కడిదో ఎప్పటిదో తెలియడం లేదని అడిగారు కదా. ముందు దాన్ని బోర్లించండి. అడుగునో వెనకాలో చిన్న రేకు ఉంటుంది. ముందువైపు పెద్దక్షరాల పేరు కన్నా దాని మీదున్న అడ్రసే ఎక్కువ చెబుతుంది.

మా ఇంట్లోనూ ఒకటుంది. అమ్మ సారెతోపాటు 1969లో వచ్చిందని బామ్మ ఎప్పుడూ చెప్పే మాట. నేను రేకు శుభ్రం చేద్దామని స్టీలు పీచుతో తోమాను. తెలివితక్కువ పని! జిడ్డుతోపాటు సగం అక్షరాలూ పోయాయి. మీరు మాత్రం సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి చాలు. ఆ తర్వాత ఫోను టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, అరిగిన గుద్దుడు అక్షరాలు కూడా నీడపడి కనిపిస్తాయి.

నాకు మిగిలింది 'బొంబాయి', దాని పక్కన 400. అవి పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు. అవే చాలాయి. మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. అంతకుముందు బొంబాయి-1, మద్రాసు-2 అని ఒకటో రెండో అంకెలు వేసేవారు. అంటే 1969 మాట అక్కడే తేలిపోయింది. ఇక ఊరి పేరు: బొంబాయి ముంబై అయింది 1995లో, మద్రాసు చెన్నై అయింది 1996లో. పాత రేకులు మిగిలితే కొన్నాళ్లు వాడి ఉండొచ్చు గనక ఏడాది అటూ ఇటూ వేసుకోండి.

ఐఎస్ఐ గుర్తు చూసి మాత్రం తొందరపడకండి. 1987లో ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పేరు ఐఎస్ఐ నుంచి బీఐఎస్‌గా మారినా వస్తువుల మీద గుర్తు ఐఎస్ఐగానే ఉండిపోయింది.

ఇంకోటి, సుమీత్ అనేది బ్రాండు పేరే. కంపెనీ పేరు పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్. పాత పత్రికల ప్రకటనల్లో వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. సీమెన్స్‌లో ఇంజినీరుగా చేసిన సత్యప్రకాశ్ మాథుర్, భార్య మాధురి వాడే జర్మనీ బ్రాన్ మిక్సీ కాలిపోతే, మన పప్పులకూ పసుపుకొమ్ములకూ తట్టుకునే మోటారుతో దీన్ని తయారుచేశారు. రుబ్బురోలు దగ్గర చేతులు కాయలు కాసినవాళ్లకి అదెంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో ట్రంకుపెట్టెలు కూడా వెతకండి. మా గ్యారంటీ కార్డు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద దొరికింది. విజయవాడ షాపు ముద్ర, 1976. అప్పటికి నాకు రెండేళ్లు! బామ్మకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చదివి, "షాపువాడు తప్పు రాశాడు" అంది.

అన్నట్టు, వెంటనే ప్లగ్గు పెట్టేయకండి. ఇన్నేళ్లకి వైరు రబ్బరు పెళుసెక్కి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి చూపించి వైరు మార్పించాకే స్విచ్ వేయండి.