ఫార్మాట్ కొట్టే ముందు మూత తీసి చూడండి

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. ఇంటి ముందు గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ పనుల షాపు పెట్టుకున్నాను. కంప్యూటర్ కొని ఆరేళ్లయింది. నెల రోజులుగా పని మధ్యలో నీలం తెర వచ్చి, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఎక్కువగా చీకటి పడ్డాకే ఇలా అవుతోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించాను, అంటే డిస్కు తుడిచి విండోస్ మళ్లీ వేయించాను. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. మొన్న ముసురు పట్టినప్పటి నుంచి అసలు లేవడమే లేదు. స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, బీప్ బీప్ అంటుంది, తెర మీద ఏమీ రాదు. డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఇంకోసారి ఫార్మాట్ చేద్దామంటున్నారు. చేయించమంటారా?
– ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. ఇప్పుడున్న స్థితిలో ఫార్మాట్ చేయించాలన్నా కుదరదు. ఎందుకో చెబుతాను.

స్విచ్ నొక్కగానే ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె, కరెంటు ఇస్తుంది. తర్వాత మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలించి ఉండే పెద్ద బోర్డు, తన ప్రాసెసర్, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారం పట్టుకునే మెమరీ పట్టీ), డిస్‌ప్లే సరిగ్గా ఉన్నాయో లేదో తానే చూసుకుంటుంది. అన్నీ కుదిరితేనే తెర మీద కంపెనీ గుర్తు వస్తుంది. విండోస్ వంతు ఆ తర్వాతే. మీ కంప్యూటర్ ఆ గుర్తు దాకా కూడా రావడం లేదు. పొయ్యే అంటుకోనప్పుడు బియ్యం మార్చి ఏం లాభం? ఎవరి కంప్యూటర్ ఆగినా నేను ముందు అడిగేది ఇదే: ఎక్కడిదాకా వచ్చి ఆగింది? అసలు ప్రాణమే లేదా, ఫ్యాన్లు తిరిగి తెర నల్లగా ఉందా, గుర్తు వచ్చాక విండోస్ దగ్గర ఆగిందా? ఈ ఒక్కటి తేలితే సగం పని అయినట్టే.

మీది రెండో రకం. ఫ్యాన్లు తిరిగి బీప్ అంటోందంటే మదర్‌బోర్డు ఏదో ఫిర్యాదు చేస్తోందన్నమాట. ఎన్ని బీప్‌లకు ఏమిటి అర్థమన్నది బోర్డును బట్టి మారుతుంది, బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అయితే మన కోనసీమలో ముసురు తర్వాత ఇలా అయిందంటే నా చెయ్యి ముందు ర్యామ్ మీదికే పోతుంది.

ప్లగ్గు పూర్తిగా పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. డబ్బా పక్క మూత తీసి, లోపలి రేకు ఒకసారి ముట్టుకుని, ర్యామ్ రెండు చివర్లా ఉన్న క్లిప్పులు విప్పి పైకి తీయండి. కింది అంచున బంగారు రంగులో చిన్న చిన్న పళ్లు కనిపిస్తాయి. వెలుతురులో పెట్టి చూడండి. మన వైపు సముద్రపు గాలిలో చెమ్మ, ఉప్పు రెండూ ఉంటాయి. ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టే ఈ పళ్లకూ మసక పడుతుంది. ఒక్కోసారి పచ్చగా కూడా కనిపిస్తుంది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే తెల్ల రబ్బరుతో ఆ పళ్ల మీద ఒకే దిక్కుగా మెల్లగా రుద్దండి. రబ్బరుకు నల్లటి మరక అంటుకుంటుంది. అదే మీ రోగం. రబ్బరు పొడి బోర్డు మీద పడకుండా దూరంగా కూర్చుని చెయ్యండి. ర్యామ్ పెట్టే గాడిని మెత్తటి కుంచెతో దులిపి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా గట్టిగా నొక్కండి. ర్యాములు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. అంతకుముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్, వేలిముద్రల మిషను అన్నీ పీకేసి, మానిటర్, కీబోర్డు మాత్రమే ఉంచండి.

మూత తీశారు కాబట్టి ఇంకొకటి కూడా చూడండి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు నిలబడి ఉంటాయి. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డు పని అయిపోవచ్చినట్టే. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా దాని లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

ఇక చీకటి పడ్డాకే ఆగుతోందన్నారు. ఆ మాట రాసి మంచి పని చేశారు, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయా? రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి రైతులు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు అన్నీ వేస్తారు. వాళ్లకది తప్పదు. అన్ని మోటార్లూ ఒకేసారి లాగితే లైను చివరి ఇళ్లకు ఓల్టేజి పడిపోతుంది. 230 రావాల్సిన చోట ఎంత వస్తోందో సాయంత్రం పూట ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి. మీ ఎస్‌ఎంపీఎస్ ఎంత ఓల్టేజి నుంచి పనిచేస్తుందో దాని మీద అంటించిన కాగితంలో రాసి ఉంటుంది. అంతకంటే కిందికి పడుతుంటే స్టెబిలైజర్ గానీ, ఓల్టేజి సర్దే మంచి యూపీఎస్ గానీ పెట్టుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ కూడా ముసలిదైతే తెలిసిన వాళ్లతో 12 ఓల్టుల వైరు కొలిపించండి. పని నడుస్తుండగా 11.4 కంటే తగ్గకూడదు, 12.6 దాటకూడదు. తేడా ఉంటే కొత్తది వేయించండి. పేరు లేని చవకరకం మాత్రం వద్దు.

చెయ్యి జివ్వుమంటోందంటే మీ ప్లగ్గు మూడో కన్నంలో ఎర్త్ లేదు. ఇది వాయిదా వెయ్యకండి. సాకెట్టుకు మూడు కన్నాలుంటాయి గానీ చాలా ఇళ్లలో మూడోదానికి వైరే ఉండదు. మన నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, మంచి ఎర్త్ వేయించడం కష్టమేమీ కాదు. షాపుకు పిల్లలు, ముసలివాళ్లు వస్తారు, ఎవరో ఒకరు ఆ డబ్బా మీద చెయ్యి వేస్తారు.

ర్యామ్ శుభ్రం చేశాక లేచి, మళ్లీ నీలం తెర వస్తే కంగారు పడకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. అది క్షణంలో పోతుంటే సిస్టమ్ సెట్టింగుల్లో స్టార్టప్ అండ్ రికవరీ అనే చోట ఆటోమేటిక్ రీస్టార్ట్ ముందున్న టిక్కు తీసేయండి. తెర నిలబడుతుంది. ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే ఎక్కువగా ర్యామో కరెంటో. ఎప్పుడూ ఒకే కోడ్, పక్కన ఒకే ఫైల్ పేరు వస్తుంటే డ్రైవర్‌ను, అంటే ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాంను, అనుమానించాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు ర్యామ్ సంగతి చెబుతుంది.

ఫార్మాట్ అంటే నేనింత గట్టిగా వద్దనడానికి కారణం ఉంది. అమలాపురంలో షాపు పెట్టిన కొత్తలో అంబాజీపేట నుంచి ఒక రిటైర్డు మాస్టారు ఇదే బాధతో కంప్యూటర్ తెచ్చారు. నేను మూత తియ్యలేదు. సొంత ఫైళ్లు దాచుకునే డి డ్రైవ్‌తో సహా తుడిచి కొత్త విండోస్ వేసి ఇచ్చాను. వాళ్ల నాన్నగారు చేతిరాతతో ఉంచిన పద్యాలను ఆయన మూడేళ్లుగా టైపు చేస్తున్నారట. అన్నీ అందులోనే ఉన్నాయి. నేను అడగలేదు, ఆయనకు చెప్పాలని తెలియలేదు. పది రోజులకు కంప్యూటర్ మళ్లీ ఆగింది. తీసి చూస్తే ర్యామ్ పళ్లకు పచ్చటి చిలుము. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి, ఏముందో అడిగి కాపీ తీసి పక్కన పెట్టనిదే నేను ఏ డిస్కూ తుడవను. మీరూ ఎవరినీ తుడవనివ్వకండి.

ప్రశ్న: భీమవరం. హార్డ్‌డిస్కు టిక్ టిక్ అని శబ్దం చేస్తోంది. విండోస్ సగం వచ్చి ఆగిపోతోంది. అక్క పెళ్లి ఫోటోలు, వీడియో అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. చాలా టెన్షన్‌గా ఉంది సార్. రోజుకు పదిసార్లు ఆన్ చేసి చూస్తున్నాను.

జవాబు: తమ్ముడూ, ఇది చదివిన వెంటనే ప్లగ్గు పీకెయ్. ఇంక ఒక్కసారి కూడా ఆన్ చెయ్యకు.

హార్డ్‌డిస్కులో పళ్లేలు గిర్రున తిరుగుతుంటే, వాటి మీద చదివే ముల్లు తాకీ తాకనట్టు తేలుతుంది. రెండింటి మధ్య సందు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. టిక్ టిక్ అంటోందంటే చాలాసార్లు ఆ ముల్లు దారి దొరక్క వెతుక్కుంటోందనే అర్థం. అదే దెబ్బతిని ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ ఫోటోలున్న పొరనే గీకుతుంది. డిస్కు చెకింగ్ నడపొద్దు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెప్పినా వినొద్దు, మన చెమ్మకు లోపల నీరు పడుతుంది. విప్పి చూస్తామనే వాళ్లకు అసలు ఇవ్వొద్దు. దుమ్ము లేని గదిలో తెరిచే డేటా రికవరీ వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. వేలల్లో అవుతుంది, వస్తాయన్న గ్యారంటీ కూడా ఉండదు. ఎంత వరకు పెట్టగలరో అక్కతో, బావగారితో కూర్చుని మాట్లాడుకోండి. పెళ్లికి ఫోటోలు తీసిన స్టూడియోలో కాపీ ఉందేమో ముందు అడుగు. కొందరు ఏళ్ల తరబడి దాచి ఉంచుతారు.

ప్రశ్న: యానాం. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. ఎఫ్1 నొక్కమంటుంది. బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు. వైరస్సా?

జవాబు: వైరస్ కాదండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 ఓల్టులది. అది అయిపోయింది. కొన్ని పదుల రూపాయలే. ప్లగ్గు పీకి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టి, తేదీ సరిచెయ్యండి. బ్యాంకు సైటు తెరుచుకోకపోవడానికి కూడా తప్పు తేదీయే కారణం అయ్యుంటుంది.

ప్రశ్న: మాది లంక గ్రామం. గోదావరి వరద ఇంట్లోకి వచ్చి, కింద పెట్టిన సీపీయూ సగం దాకా మునిగింది. రెండు రోజులు ఎండలో పెట్టాం. ఆన్ చెయ్యొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. పైకి ఎండినట్టు కనిపించినా బురద గాడుల్లో, చిప్పుల కింద ఉండిపోతుంది. అదే కరెంటుకు దారి ఇస్తుంది. ముందు మదర్‌బోర్డు మీద ఆ బిళ్ల బ్యాటరీ తీసేయండి, ప్లగ్గు తీసినా అది కరెంటు ఇస్తూనే ఉంటుంది. ర్యామ్, కార్డులు విప్పి, బోర్డును ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి కుంచెతో బురద పోయేదాకా కడగండి. కుళాయి నీళ్లు వద్దు. తర్వాత ఎండలో కాకుండా నీడలో, ఫ్యాను గాలికి నాలుగైదు రోజులు నిలబెట్టి ఆరనివ్వండి. మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ వాడొద్దు, కొత్తది కొనండి. హార్డ్‌డిస్కు నీళ్లలో ఉందో లేదో బురద గీత చూస్తే తెలిసిపోతుంది. మునిగి ఉంటే, అందులో కావలసినవి ఉంటే, భీమవరం తమ్ముడికి చెప్పిందే మీకూ. మునగకపోతే దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ముందు కాపీ తీసుకోండి. పాత డబ్బా సంగతి ఆ తర్వాత చూద్దాం.