దిగగానే డబ్బు మార్చుకునే ముందు

అమ్మడూ,

విదేశానికి టికెట్ వచ్చేసిందని మీ నాన్న చెప్పాడు. అక్కడి డబ్బు ఎలా అని అడిగావుగా, ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికి రాగానే డబ్బు మార్చే కౌంటర్ ఎదురవుతుంది. పైన 'కమీషన్ లేదు' అని బోర్డు. నా మొదటి ప్రయాణంలో అది చూసి మురిసిపోయి, పట్టుకెళ్ళిన డాలర్లన్నీ అక్కడే ఇచ్చేశాను. కమీషన్ తీసుకోలేదు, నిజమే. కోతంతా రేటులోనే ఉంది! బోర్డు మీద కొనే రేటు, అమ్మే రేటు అని రెండు వరసలుంటాయి. వాటి మధ్య ఎంత ఎడం ఉంటే మన జేబుకి అంత చిల్లు. తప్పనిసరై మార్చాల్సి వస్తే, '100 డాలర్లిస్తే చేతికెంత వస్తుంది?' అని అడిగి, ఫోన్లో చూసిన రేటుతో పోల్చుకో. టాక్సీకి సరిపడా మార్చుకుంటే చాలు.

దానికన్నా పేరున్న బ్యాంకు ఏటీఎం మేలు. డెబిట్ కార్డే వాడు. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మామూలుగా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. విదేశాల్లో పనిచేసేలా కార్డుని ఇంట్లో ఉండగానే ఆన్ చేయించుకో, అక్కడ దిగాక ఆ టెన్షన్ వద్దు.

ఇక అసలు సంగతి. పిన్ కొట్టి, ఎంత కావాలో నొక్కాక తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: 'మీ సొంత కరెన్సీలో లెక్క కట్టమంటారా?' అని. పక్కనే రేటు కూడా చూపిస్తుంది, ఎంతో ఉపకారం చేస్తున్నట్టు. ఒప్పుకోకు. ఒప్పుకుంటే ఆ మెషీన్ వాళ్ళ రేటు పడుతుంది. వద్దంటే నీ కార్డు మీద పేరున్న కంపెనీ, వీసానో మాస్టర్‌కార్డో, లెక్క కట్టే రేటు పడుతుంది, దాదాపు ఎప్పుడూ ఇదే నయం. 'వద్దు' నొక్కితే డబ్బే రాదేమో అనిపించేలా ఉంటుంది ఆ తెర. నేను రెండుసార్లు బెదిరి 'సరే' నొక్కాను కాబట్టి చెబుతున్నా. వద్దన్నా నోట్లు వస్తాయి. షాపులో కార్డు పెట్టినా ఇదే ప్రశ్న, కాకపోతే అక్కడ క్యాషియరే నొక్కేస్తుంటాడు. మెషీన్ నీ వైపు తిప్పమను.

తీసిన ప్రతిసారీ ఫీజు పడవచ్చు, అందుకని కొంచెం కొంచెంగా పదిసార్లు తీయకు. వచ్చిన నోట్లు వెలుతురులో ఒకసారి చూసుకో. వియత్నాంలో 20 వేల డాంగుల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలమే, చీకట్లో టాక్సీవాడికి ఒకటనుకుని ఇంకోటి ఇచ్చేస్తాం.

రెండో కార్డు వేరే సంచిలో పెట్టు. దానితో పాటు కొన్ని డాలర్లు కూడా, మడతలూ ఇంకు మరకలూ లేని కొత్త నోట్లే సుమా. నలిగినవి చాలాచోట్ల తీసుకోరు. రోడ్డు మీద ఎవరైనా మంచి రేటిస్తానని వెంటపడితే ఆగకు.

మార్చుకున్న రసీదు పారెయ్యకు. ట్యునీషియా లాంటి చోట్ల వాళ్ళ దినార్లు దేశం దాటించనివ్వరు, మిగిలినవి తిరిగి మార్చేటప్పుడు ఆ కాగితం అడగవచ్చు. నాణేలు మాత్రం బయట దాదాపు ఎవరూ మార్చరు, విమానం ఎక్కే ముందే ఏ నీళ్ళ సీసాకో ఇచ్చెయ్.

నీ పెదనాన్న