గుర్రాల మీద మనసుపడ్డ పిల్లాడికి ఏ చదువు?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా వాడు ఈసారి పది పాసయ్యాడు. సెలవుల్లో హైదరాబాద్‌లో రేసు కోర్సు ఉన్న మలక్‌పేటలో మా తమ్ముడింటికి పోయొచ్చిన కాడి నుంచి రేసు గుర్రాల దగ్గరే పని చేస్తానంటున్నాడు. ఓ రోజు జాకీ అంటాడు, ఇంకో రోజు ట్రైనర్ అంటాడు. ఇప్పుడే 60 కిలోలున్నాడు. మాకు గొర్రెలున్నాయి, వాటి పని వాడికి అలవాటే. వాళ్ల నాన్నేమో "పందాల కాడ నీకేం పని?" అని కోపానికొస్తున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: అమ్మా, ముందు జాకీ సంగతి తేల్చేద్దాం. పందెంలో గుర్రమెక్కి తోలే జాకీల బరువు 50 కిలోల చుట్టుపక్కల ఉండాలి. మీ వాడు పదహారేళ్లకే 60 దాటబోతున్నాడు, ఇంకా ఎదుగుతాడు. కడుపు మాడ్చుకుని ఆ బరువుకు దిగాలని చూడటం ఒంటికి మంచిది కాదు. ఆ ఆశ ఇప్పుడే వదిలించండి.

గుర్రాల సాకుడు వేరే విషయం. మీ వాడు మలక్‌పేటలో చూసింది బహుశా పరుగే. లాయంలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. సైస్, అంటే గుర్రాన్ని సాకే పనివాడు, రాగానే మొదట చూసేది గాడిని. రాత్రి వేసిన దాణా మిగిలిందంటే ఆ గుర్రానికి ఏదో తేడా చేసినట్టే. తర్వాత కింద కూర్చుని ముందుకాళ్ల వెనకవైపు తాడులా ఉండే నరాన్ని (టెండన్) మోకాలి నుంచి కిందికి వేళ్లతో తడుముతాడు. ఒక కాలు రెండోదానికంటే కాస్త వెచ్చగా తగిలినా ట్రైనర్‌కు చెప్పాలి, ఆ రోజు దాన్ని పరిగెత్తించరు. ఆ వెచ్చదనాన్ని పట్టించుకోకుండా ట్రాక్ మీదికి తోలితే నరం తెగి, గుర్రం నెలల తరబడి లాయంలోనే ఉండిపోవచ్చు. గిట్టల్లో ఇరుక్కున్న మట్టి రోజూ తీయాలి. నాలుగైదు వారాలకోసారి లాడాలు మార్చాలి.

తిండి సంగతి ఇంకా సున్నితం. అంత పెద్ద జంతువుకు పొట్ట మాత్రం చిన్నది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే ఓట్స్, తవుడు ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగు సార్లు పెడతారు, మధ్యలో ఎండుగడ్డి ఉండాల్సిందే. లెక్క తప్పితే కడుపునొప్పి వస్తుంది. మనుషులకు ఓ పూట బాధ, గుర్రానికి ప్రాణం మీదికి వచ్చేదే. మందుల విషయమూ అంతే. పందెం గుర్రాలకు డ్రగ్ టెస్టులుంటాయి. జాలిపడి సొంతంగా ఓ నొప్పి మాత్ర వేశారంటే ట్రైనర్ లైసెన్సుకే ఎసరు.

గొర్రెల మందలో ఏది మేత మానేసిందో దూరం నుంచే పసిగట్టే చూపు మీ వాడికి ఉందంటే, ఈ పనికి కావాల్సిన సగం వాడి దగ్గర ఉన్నట్టే. కానీ ఇప్పుడే సైస్‌గా చేర్చొద్దు. జీతం అంతంత మాత్రం, అక్కడి నుంచి పైకి పోవడం కష్టం, తన్నులు, కాట్లు మామూలే. ట్రైనర్ లైసెన్సు రావాలన్నా ఏళ్ల తరబడి ఒకరి కింద పని నేర్చుకోవాలి.

వాళ్ల నాన్న భయం ఉత్తిదేం కాదు. రేసుల ఆదాయం బెట్టింగ్ మీదే నడుస్తుంది. దానిమీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్‌లో 40 శాతం చేశారు. అలాంటి ఒక్క రంగాన్ని నమ్ముకుని పిల్లాడి చదువు ఆపడం నాకు నచ్చదు. గుర్రాల దగ్గర పనిచేసేవాళ్లంతా పందాలు కాస్తారనుకోవడం మాత్రం తప్పని ఆయనకు చెప్పండి.

చదువులో రెండు దారులున్నాయి. వాడు పాలిసెట్ రాసి ఉంటే, రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చేయొచ్చు. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద మహబూబ్‌నగర్‌లోనే ఆ పాలిటెక్నిక్ ఉంది, మీకు దగ్గర. సైన్స్‌లో మార్కులు బాగుంటే నేను మాత్రం ఇంటర్ బైపీసీ వైపే మొగ్గుతాను. ఈఏపీసెట్ రాసి బీవీఎస్సీలో, అంటే పశువైద్య డిగ్రీలో చేరితే, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ డిగ్రీ ఉంటే రేసు గుర్రాలే కాదు, సైన్యంలో జంతువులను చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్, ప్రభుత్వ పశువుల ఆసుపత్రులు, అన్నీ అందుబాటులో ఉంటాయి. పాముకాటు మందు కూడా గుర్రాల రక్తం నుంచే తయారు చేస్తారు, ఆ కంపెనీలకూ డాక్టర్లు కావాలి.

ఈ సెలవుల్లో మీ తమ్ముడికి తెలిసినవాళ్లు ఉంటే, అనుమతి తీసుకుని వాడిని తెల్లవారుజామున ఓ లాయానికి తీసుకెళ్లమనండి. పరుగు పెట్టే గుర్రాలను కాకుండా, కాలు దెబ్బతిని నిలబడిపోయిన వాటిని ఎలా చూస్తున్నారో గమనించమనండి. వయసైపోయాక వాటిని ఎక్కడికి పంపుతారని ట్రైనర్‌ను అడగమనండి. సూటిగా జవాబు చెప్పే చోటు అయితే, డిగ్రీలో ఉన్నప్పుడు సెలవుల్లో అక్కడికే పోయి పని నేర్చుకోవచ్చు. అప్పటిదాకా గొర్రెలకు నట్టల మందు తాపించే రోజున మీ మండలం పశువుల డాక్టర్ పక్కన వాడిని నిలబెట్టండి.